మా తాతకు నేను చేసిన రెండో పెళ్లి

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో మా అక్క పెళ్లి ఆగిపోయేదాకా వస్తుంది, ఎప్పుడో పోయిన మా తాత పరువు కొత్తగా పోతుంది, మా నాయనమ్మ ఆయన ఫోటోను గోడవైపు తిప్పేస్తుంది. ఇదంతా నా నిర్వాకమేనని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ మాటను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. అసలు దోషులు వెయ్యేళ్ల కిందట ఫ్రాన్సు దేశంలో బతికిన కౌంట్లు. వాళ్లను మాత్రం ఎవరూ ఒక్క మాట అనరు. దూరాన ఉండి చచ్చిపోయిన వాళ్లకు ఎప్పుడూ ఇదే సౌకర్యం.

కౌంటు అంటే మరేం లేదు. మన దగ్గర జాగీర్దార్లు ఉండేవాళ్లు చూడండి, దాదాపు అట్లాంటి వాడే. రాజు పేరు చెప్పి ఒక ఇలాకా ఏలుకుంటాడు. రాజు కాస్త నీరసించగానే ఆ ఇలాకా తన తాత సొత్తంటాడు. అంతవరకు నాకేం అభ్యంతరం లేదు, మనుషులన్నాక ఆశ ఉంటుంది. కానీ పిల్లలకు పేరు పెట్టేటప్పుడు కాస్త బుర్ర వాడొద్దా? తండ్రి పేరు హ్యూ. కొడుకు హ్యూ. బాబాయి హ్యూ. పక్క ఇలాకా వాడూ హ్యూ. ఇంటిపేరు లేదు, పుట్టిన ఏడు లేదు. ఏ మఠానికో పొలం రాసిచ్చిన పత్రం కింద 'కౌంటు హ్యూ' అని ఉంటుంది. ఏ హ్యూ నాయనా? తండ్రివా, కొడుకువా? ఆ పత్రమైనా అసలుదేనా, తర్వాత మఠం వాళ్లు కూర్చుని రాసుకున్నదా? ఆడవాళ్ల సంగతి మరీ ఘోరం, చాలామందికి పేరు కూడా మిగల్చలేదు.

వీళ్లు నాకెట్లా తగులుకున్నారంటారా? నా నోటి వల్లే. రెండు వేల ఐదో ఆరో, ఖమ్మంలో డిగ్రీ చివరి ఏడు చదువుతున్నాను. హిస్టరీ క్లాసులో సార్ ఈ కౌంట్ల గురించి చెబుతుంటే, "సార్, అందరిదీ ఒకటే పేరైతే హాజరు ఎట్ల తీసుకునేటోళ్లు?" అన్నాను. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు.

"అంత ఆసక్తి ఉంటే నువ్వే చెప్పు. వచ్చే నెల సెమినార్ నీదే. ఫ్రాన్సు కౌంట్ల వంశావళిలో చిక్కులు," అన్నాడు.

నెట్ సెంటరుకు పోయాను. అటు పక్క గదిలో పాటలు, ఇటు పక్క గదిలో ప్రేమ, మధ్యలో నేనూ కౌంట్లూ. అక్కడ తెలిసిందేమంటే, తరతరాల పండితులు ఈ చిక్కు మీదే కాపురం చేస్తున్నారు. పేరు అనేది ఆ కాలంలో కుటుంబానికి ఆస్తి లాంటిదట. కాబట్టి ఒక కుటుంబంలో తిరిగే పేర్లే ఇంకో కుటుంబంలో కనిపిస్తే ఇద్దరికీ చుట్టరికం ఉన్నట్టు ఊహిస్తారు. రుజువు దొరకలేదా? 'పేరు తెలియని ఒక కూతురు' ఇక్కడి నుంచి అక్కడికి కోడలిగా పోయి ఉంటుందని రాస్తారు. పాపం ఆ పిల్ల అసలు పుట్టిందో లేదో ఆ పిల్లకే తెలియదు. ఇక ఒకే పేరున్న ఇద్దరు కౌంట్లు ఒకే కాలంలో పక్కపక్క ఇలాకాల్లో ఉంటే, వాళ్లు ఇద్దరు కాదు, ఒక్కడే అని ఒక వర్గం. కాదు, ఇద్దరే అని ఇంకో వర్గం.

నేను వెంటనే 'ఒక్కడే' వర్గంలో చేరిపోయాను. మనుషులు తగ్గితే చదివేది తగ్గుతుంది కదా.

న్యాయంగా చెప్పాలంటే ఆ పండితులు ప్రతి వాక్యం చివరా 'కావచ్చు' అని పెట్టుకున్నారు. నాకు ఆ 'కావచ్చు' అన్నంలో రాయిలా తగిలేది. ఏరి పారేసి సెమినార్ చెప్పాను. సార్ చప్పట్లు కొట్టించి, "నీలో ఒక చరిత్రకారుడున్నాడయ్యా," అన్నాడు. పెద్దవాళ్లు ఇట్లాంటి మాటలు అనేముందు ఎదుటివాడి ఇంట్లో పెళ్లేమైనా ఉందేమో కనుక్కోవాలి.

మా ఇంట్లో ఉంది. మా అక్క రోజిలీనాది.

అక్క ఖమ్మంలో ఒక దవాఖానాలో నర్సు. చూడవచ్చిన సంబంధాలన్నిటికీ వంకలు పెట్టి పంపించిన మనిషి. చండ్రుగొండ వైపు నుంచి బాలశౌరి అనే కరెంటు లైన్‌మన్ చెయ్యి కాల్చుకుని ఆ దవాఖానాకు వచ్చాడు. అక్క కట్టు కట్టింది. గాయం మానింది. మానినా కట్టు కట్టించుకోవడానికి వస్తూనే ఉన్నాడు. చివరికి డాక్టరే విసిగి, "పెద్దోళ్లను తీసుకొని రావయ్యా," అన్నాడట. పెద్దవాళ్లు వచ్చారు, నిశ్చితార్థమైంది. మా అక్క నవ్వుతూ బియ్యం ఏరడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

మాది ముదిగొండ దగ్గరి ఊరు. క్యాథలిక్కులం. మా పద్ధతిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పూజలో ఫాదర్ గారు పిల్లా పిల్లవాడి పేర్లు చదివి, ఈ పెళ్లికి ఆటంకం ఏదైనా తెలిసినవాళ్లుంటే తనకు చెప్పమంటాడు. చెప్పినవాడు మా ఊళ్లో ఎవడూ లేడు. అది అడగడం వరకే, బస్సులో కండక్టరు "టికెట్ తీసుకోని వాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగితే ఎవడైనా చెయ్యెత్తుతాడా?

మొదటి ఆదివారం సాఫీగా పోయింది. నేను ఊళ్లో లేను కనుక.

రెండో వారం శనివారం ఇంటికి వచ్చాను. నాన్న మంచం మీద కూర్చుని పెళ్లి పత్రికలో వేయించాల్సిన మగపెళ్లివారి పేర్లు అమ్మకు పైకి చెబుతున్నాడు. "పిల్లగాని తాత రాయప్ప. నాయన శౌరి. చిన్నాయన చిన్నప్ప. మేనత్త ఆరోగ్యమ్మ."

నా చేతిలో మరమరాలు ఆగిపోయాయి. మా తాత పేరు రాయప్ప. మా నాన్న చిన్నప్ప. మా బాబాయి శౌరి. మా మేనత్త ఆరోగ్యమ్మ.

"నాన్నా, వాళ్ల రాయప్ప ఏం పని చేసెటోడు?"

"అడవి పనేనంటరా. బీడీలకు పోయే తునికాకు కల్లం కాడ ఉండెటోడంట."

"మన తాత?"

"ఎండకాలమొస్తె ఆయన గూడ గదే కదరా. చండ్రుగొండ దిక్కే పోయెటోడు. ఎందుకు?"

ఎందుకా! ఒకే పేరు, ఒకే కాలం, ఒకే అడవి, పిల్లలకు అవే పేర్లు. వేసవిలో ముదిగొండలో మాయమయ్యే రాయప్ప, సరిగ్గా అదే వేసవిలో చండ్రుగొండలో ప్రత్యక్షం. ఫ్రాన్సు పండితులు ఇందులో పావు వంతు దొరికితే పుస్తకం అచ్చేసుకుంటారు. నేను పాత క్యాలెండరు కాగితం తిరగేసి, స్కెచ్ పెన్నుతో వంశవృక్షం గీశాను. ఇద్దరు రాయప్పలను కలిపి ఒక్కడిని చేశాను. ఆయన నుంచి రెండు కొమ్మలు, అటు బాలశౌరి, ఇటు మా అక్క. అంటే వీళ్లిద్దరూ ఒకే తాత మనుమలు. అన్నాచెల్లెళ్లు!

నాన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏందిరా గిది?"

"తాతకు అడవిల ఇంకో సంసారం ఉండె నాన్నా."

"ఎవలికీ? మా నాయనకా? ఉన్న సంసారంలనే ఒక్క మాట ఎదురు చెప్పలేకపోయెటోడు. ఇంటిపేర్లు వేరు కదరా వాళ్లకు మనకు!"

"దొరకకుండ మార్చుకున్నడు. ఇంటిపేరు వేరే ఉండుడే పెద్ద రుజువు."

"ఒక్కటే అయితే?"

"అప్పుడు గదే రుజువు."

నాన్న కాగితం నా చేతిలో పెట్టి, "పోయి పండుకో. ఈ ముచ్చట మీ నాయనమ్మ చెవిన పడిందంటె నిన్ను నేను గూడ కాపాడలేను," అన్నాడు. చరిత్రలో నిజం చెప్పిన వాళ్లందరికీ మొదట ఎదురయ్యేది సొంత తండ్రేనని నాకు నేనే ఓదార్పు చెప్పుకున్నాను.

ఆదివారం. ఫాదర్ గారు పేర్లు చదివాడు. "...ఆటంకం ఏదైనా తెలిసినవారు దయచేసి నాకు తెలియజేయవలెను," అన్నాడు. తెలియజేయడమంటే పూజ అయ్యాక ఆయన బంగ్లాకు పోయి చెవిలో చెప్పడం. ఆ సంగతి లోకంలో అందరికీ తెలుసు. నేను అక్కడే లేచి నిలబడ్డాను.

"ఉంది ఫాదర్."

గుళ్లో ఉన్న తలలన్నీ ఒకేసారి తిరిగాయి. ఫాదర్ గారు కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. నిలబడింది పెళ్లికూతురి సొంత తమ్ముడేనని రూఢి చేసుకున్నాడు. "పూజ అయినంక రా బాబూ."

"ఇద్దరూ ఒక్క తాత మనుమలు ఫాదర్! అన్నాచెల్లెళ్లయితరు!"

ముందు వరుసలో జపమాల తిప్పుతున్న మా నాయనమ్మకు చెవులు కాస్త తక్కువ. "ఏందంటుండు వాడు? ఏ తాత?" అని గట్టిగా అడిగింది.

పక్కన కూర్చున్న ఆమె ఎంతో సాయం చేస్తున్నట్టు ఇంకా గట్టిగా చెప్పింది. "మీ ఆయనే అత్తా. అడవిల ఇంకో పెండ్లాం ఉండెనంట!"

తర్వాత పాట ఎత్తుకోవాలి. ఎవరికీ గొంతు రాలేదు.

బయటికి రాగానే అక్క నా ముందు నిలబడింది. ఏడవలేదు. ఇంజెక్షన్ ఇచ్చే ముందు నరం వెతుకుతున్నట్టు నన్ను చూసింది. "నా పెండ్లి ఆగిందంటె, నీ బతుకుల నీకు పెండ్లి కానియ్య. యాదుంచుకో," అంది. అంతే, వెళ్లిపోయింది.

బంగ్లాలో ఫాదర్ గారు నన్ను కూర్చోమనలేదు. "నీ దగ్గర ఆధారమేముంది?"

"పేర్లు ఫాదర్. ఫ్రాన్సుల గిట్లనే తేల్చిండ్రు."

"తేల్చిండ్రా?"

"...ఇంకా తేల్చలే ఫాదర్. తేల్చుతున్నరు."

"ఎన్నాళ్ల నుంచి?"

నేను చేతిలోని కాగితం మడిచాను. ఆయన నిట్టూర్చాడు. "అందరి ముందర అన్నవు కాబట్టి ఇప్పుడు నేను విచారించక తప్పదు. రక్తసంబంధం ఉన్నదేమో అని అనుమానం పెట్టుకొని పెండ్లి చెయ్యలేను. మూడో ఆదివారం లోపల తేలితే సరే. లేకపోతే వాయిదా." ఆ సాయంత్రమే బాలశౌరి వాళ్లకు కబురు పోయింది. పెద్దవాళ్లను తీసుకుని రమ్మని.

ఆ నాలుగు రోజులు మా ఇల్లు చూడాలి. నాన్న నాతో మాట్లాడడు. అక్క డ్యూటీకి పోతూ తలుపును నా మొహం మీదే వేసినట్టు వేస్తుంది. కానీ అసలు విచిత్రం నాయనమ్మ. నన్ను తంతుందనుకున్నాను. తన్నలేదు. నమ్మింది! తాత ఫోటో గోడవైపు తిప్పేసింది. అన్నం ముందు కూర్చుని, "అవ్, గందుకే! ఓ యేడు అడవి నుంచి వస్త వస్త నాకు చీర తెచ్చిండు. జన్మల తేనోడు. తప్పు చేసినోడే చీర తెస్తడు!" అంది.

ఇంకో పూట, "నిద్రల 'ఆకు, ఆకు' అని పలవరించెటోడు. ఆకు అంటె ఎవతో!" అంది.

"తునికాకు కావచ్చు కదనే," అన్నాడు నాన్న నెత్తి పట్టుకుని.

చూశారా? నేను గీసింది ఒక్క గీత. నాయనమ్మ దానికి కొమ్మలూ ఆకులూ కాయలూ తెచ్చి అతికించింది. ఫ్రాన్సులో కూడా ఇట్లాగే జరిగి ఉంటుందని, ఏ కౌంటు భార్యో చీర మీద అలిగి ఉంటుందని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. పైగా మౌఖిక ఆధారం కూడా దొరికిందని సంతోషపడ్డాను.

గురువారం మగపెళ్లివారు ఆటోలో దిగారు. బంగ్లా వరండాలో ఒకవైపు మేము, ఒకవైపు వాళ్లు, మధ్యలో ఫాదర్ గారు. పని ఉన్నా లేకపోయినా వచ్చిన ఊరివాళ్లు చుట్టూ. బాలశౌరి తల దించుకుని కూర్చున్నాడు. అతని చేతికి కట్టు లేదు కానీ మనిషంతా కట్టు కట్టించుకోవాల్సినట్టు ఉన్నాడు. అతని తండ్రి శౌరి మాత్రం పొయ్యి మీది కుండలా ఉడుకుతున్నాడు.

"మా నాయన మీద గింత మాటా? ఎవడు వాడు?"

నేను క్యాలెండరు కాగితం విప్పాను. గొంతు సవరించుకున్నాను. అవును, సవరించుకున్నాను, ఆ మొహానికి సిగ్గు కూడా లేదు. "ముందుగా అందరూ గమనించాల్సింది ఏందంటే, ఇద్దరు రాయప్పలు అనేటోళ్లు లేరు. ఉన్నది ఒక్కడే. ముదిగొండల రాయప్ప, చండ్రుగొండల రాయప్ప, ఇద్దరూ ఒక్క మనిషే. ఆయన చనిపోయిండు. సమాధి మా ఊళ్లనే ఉంది. కావాల్నంటె చూపిస్త."

శౌరి నోరు తెరిచి, మూసి, ఆటో వైపు చూశాడు. అప్పుడు ఆటోలోంచి ముందు ఒక కర్ర దిగింది. తర్వాత ఒక కాలు. ఇంకొంచెం సేపటికి ఇంకో కాలు. చివరికి ఒక గొంతు దిగింది.

"ఏడిరా నన్ను సంపినోడు?"

"ఎవరీయన?" అని అడిగాను.

"మా నాయన," అన్నాడు శౌరి. "రాయప్ప."

ఫ్రాన్సు దేశంలో ఎంత గొప్ప పండితుడికైనా ఈ అవమానం జరగదని గమనించండి. అక్కడ సిద్ధాంతం చెబుతుంటే కౌంటు ఆటో దిగి రాడు.

"మీరు... బతికే ఉన్నరా తాతా?"

"నీ దయ."

"మరి నిశ్చితార్థానికి రాలే?"

"మోకాళ్లు పట్టినయిరా. మా బిడ్డ ఇంటికాడ ఉన్న, అడవి లోపట. ఏం, ఫ్రాన్సుల మోకాళ్లు పడితె బొంద పెడ్తరా?" అంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "మా ఊళ్లె కోయోళ్లు పిల్లనిచ్చేటప్పుడు గట్టు అడుగుతరు, అంటె ఏ వంశమని. ఒక్క మాటల వరస తేలిపోతది. మనింట్ల మనిషిని అడగనీకి నీకేమొచ్చెరా? నోరు లేదా? ఉన్నదంట కదా, గుళ్లె లేచినవంట!"

అప్పుడు మా నాయనమ్మ లేచింది. ఆమె నెమ్మదిగా ఆయన ముందుకు పోయి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది.

"గీయననా నా పెనిమిటి అన్నది?"

"అవ్ నాయనమ్మా... అంటే... సిద్ధాంతం ప్రకారం..."

"మా ఆయనకు ముక్కుండెరా! నిండు ముక్కు. గిదేం ముక్కు?"

"తల్లీ," అన్నాడు రాయప్ప తాత ముక్కు పట్టుకుని, "నేను గూడ మిమ్ముల చేసుకుంటనని ఆటో ఎక్కలె."

ఫాదర్ గారు దగ్గినట్టు నటించాడు. తర్వాత అందరి వైపు తిరిగి, "ఒక్క నిమిషం. మీల రాయప్ప అని పేరున్నోళ్లు, ఇంట్ల రాయప్ప ఉన్నోళ్లు చేతులెత్తండి," అన్నాడు.

చేతులు లేచాయి. ఇటు మూల, అటు మూల, మెట్ల మీద, చెట్టు కింద. బంగ్లాలో వంట చేసే ఆయన గరిటె ఎత్తాడు. ఆటో డ్రైవరు హారన్ మీదినుంచి చెయ్యి తీసి ఎత్తాడు.

"ఇగ శౌరి?"

ఎత్తిన చేతులు దించకముందే ఇంకొన్ని లేచాయి. ఆరోగ్యమ్మలను అడగొద్దని నేనే బతిమాలాను. మా పెద్దలు పిల్లవాడికి పేరు పెట్టాలంటే పునీతుల్లో తమకు బాగా నచ్చిన నలుగురైదుగురి దగ్గరికే పోతారు. అదేమీ వంశం ఆస్తి కాదు, అందరికీ సరిపడా ఉన్న భక్తి. రాయప్ప అంటే పేతురు, చిన్నప్ప అంటే పౌలు. ఆ లెక్కన నేను ఆ వరండాలో ఉన్నవాళ్లందరినీ ఒకే మనిషిని చేయగలిగేవాణ్ని, ఫాదర్ గారితో సహా.

"మీ తాతను నేనెరుగుదురా," అన్నాడు రాయప్ప తాత నీళ్లు తాగి. "కల్లం కాడ ఇద్దరం రాయప్పలమే. పిలిస్తె ఇద్దరం పలికేది. అందుకని ఆయన్ను ముదిగొండ రాయప్ప అనేటోళ్లు. మంచోడు. ఓ యేడు ఆకు మంచిగొచ్చింది. నేను మా ఇంటామెకు చీర తీస్తుంటె ఆయన్ను గూడ లాక్కపోయిన. 'నాకు తియ్యరాదు, ఏ రంగు తీసినా ఆమె తిడ్తది' అని ఒక్కటే భయం. నేనే ఎంచిచ్చిన."

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పచ్చది," అంది.

"పచ్చదే."

"తిట్టిన," అంది నాయనమ్మ. ఇక అక్కడ నిలబడకుండా ఇంటికి పోయింది. మేము పోయేసరికి తాత ఫోటో మళ్లీ మావైపు చూస్తోంది, కొత్తగా ఒక పూలదండతో.

ఫాదర్ గారు ఆటంకమేమీ లేదని తేల్చేశాడు. బాలశౌరి మొదటిసారి తల ఎత్తాడు, అక్క వైపు చూశాడు. అక్క మాత్రం నావైపే చూస్తోంది. "ఒక్క ఫోను. మీ తాత ఉన్నడా బావా, లేడా అని ఒక్క ఫోను చేస్తె అయిపోయేది కదరా. ఎందుకు చెయ్యలే?"

నిజంగా నాకా ఆలోచనే రాలేదు. కౌంట్ల సంగతి చదివి చదివి, తాత అంటే పోయినవాడేనని, చుట్టరికం అంటే ఊహించాల్సిందేనని నా బుర్ర గడ్డకట్టింది. ఆ పండితులు పాపం అడగడానికి ఎవరూ లేక ఊహించారు. నేను అడిగితే జవాబు చెప్పేవాళ్లు చుట్టూ ఉండగా ఊహించాను. ఇందులో నా తప్పు కూడా కాస్త ఉందని ఒప్పుకోమంటారా? ఆ హ్యూలు ముందు క్షమాపణ చెప్పనివ్వండి, తర్వాత చూద్దాం.

మూడో ఆదివారం వచ్చింది. గుడి అంతకుముందెన్నడూ అట్లా నిండలేదు. పండక్కు రానివాళ్లు కూడా వచ్చారు. నాకు ఒకవైపు నాన్న, ఒకవైపు బాబాయి. నాయనమ్మ వెనక వరుసకు మారి నా చొక్కా కాలరు గుప్పిట్లో పట్టుకుంది. ఫాదర్ గారు పేర్లు చదివాడు. "ఆటంకం ఏదైనా తెలిసినవారు..." అని ఆగాడు. గుడి గుడంతా నావైపు తిరిగింది. ఫాదర్ గారు తర్వాత పేజీ తిప్పలేదు. నావైపే చూస్తూ, కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఇంకా చూస్తున్నాడు.

"లేదు ఫాదర్," అన్నాను.

గుడి మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. పాట ఎత్తుకున్నారు. అంత గట్టిగా మా ఊళ్లో ఎప్పుడూ పాడలేదు.

కావున ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది: నేను ఇక మీదట ఎవరి వంశవృక్షమూ ఎక్కను. ఆటో వచ్చి ఆగి అందరూ దిగేదాకా ఎవరినీ పోయినవాళ్ల లెక్కలో రాయను. పండితులు పెట్టిన 'కావచ్చు'ను ఒక్కదాన్ని కూడా ముట్టుకోను. ఇక ఇద్దరిని కలిపి ఒక్కరిని చేసే పని అంటారా, దాన్ని ఫాదర్ గారికే వదిలేశాను. మా అక్క పెళ్లినాడు పీఠం ముందు నిలబెట్టి ఆయన చేసి చూపించాడు. ఒక్కరు కూడా లేచి అభ్యంతరం చెప్పలేదు.